ఉయ్యాల మీద రంగూను

మా మార్కాపురం కర్నూలు జిల్లాలోనూ, ఆ జిల్లా మద్రాసు రాజధానిలోనూ ఉన్న ఆ కాలంలో, సముద్రం గురించి అందరికన్నా ఎక్కువ మాట్లాడింది దాన్ని ఎన్నడూ చూడని మేమే. మిషను బోర్డింగు బడి పిల్లలకు నీళ్ళంటే బావి, మహా అయితే వానాకాలపు గుండ్లకమ్మ ఏరు. అలాంటి మాలోంచి ముగ్గురిని రంగూను తీసుకుపోయి, అక్కడి బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీలకు పాటలతో సువార్త చెప్పిస్తానని మా మిషను దొరగారు ఒకనాటి ప్రార్థనలో ప్రకటించారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. "ప్రభువే నన్ను ఏరుకున్నాడు" అని ముప్పై ఏళ్ళుగా ఏటా సంఘం సభల్లో లేచి సాక్ష్యం చెబుతూ వచ్చాను. విని ఇద్దరు పాస్టర్లు కళ్ళు తుడుచుకున్నారు కూడా. (ఒకాయనకు కళ్ళకలక అని తర్వాత తెలిసింది.) ఆ ఎంపికతో ప్రభువుకు ఏ సంబంధమూ లేదు, అది పూర్తిగా నా చేతిపని. ఇప్పటికైనా ఒప్పుకుంటున్నాను.

పాటల సంగతి దొరగారు చూసుకున్నారు. సముద్రం సంగతి మా వార్డెనుకు అప్పగించారు. ఆయన ఒకసారి కాకినాడలో బావమరిదిని ఓడ ఎక్కించడానికి పడవలో పోయి వచ్చిన మనిషి. ఆ అరగంట అనుభవంతో మార్కాపురానికీ గిద్దలూరుకూ మధ్య ఆయనంత నావికుడు లేడు. ఓడలో కక్కుకునేవాడు వాక్యం ఏం చెబుతాడని ఆయన వాదన. అందుకని పొద్దున్నే తలా ఒక గ్లాసు ఉప్పునీళ్ళు తాగించేవాడు, కడుపు సముద్రానికి అలవాటు పడాలని. (కనిగిరి పిల్లలు మాత్రం, మా ఊరి బావి నీళ్ళే ఇంతకన్నా ఉప్పన అని గడగడా తాగేసేవాళ్ళు.) సాయంత్రం ఎద్దులబండిలో నిలబెట్టి, దేన్నీ పట్టుకోనివ్వకుండా, గుంతల బాటలో పాట పాడించేవాడు. ఆఖరి పరీక్ష ఉయ్యాల. చింతకొమ్మకు కట్టిన మోకు ఉయ్యాల మీద అరవై ఊపులు ఊగాలి, అయిదు చరణాల పాట ఆగకూడదు, కడుపులోది బయటికి రాకూడదు. ఊపుకొక గీత చొప్పున ఆయన పలక మీద గీస్తాడు.

ఇద్దరి ఎంపిక ముందే అయిపోయింది. మూడో చోటుకు మిగిలింది నేనూ, గొంతోడూ. వాడు పాడితే రైలు స్టేషను దాకా వినబడుతుందని ఆ పేరు. నా గొంతు బాగుందని మా అమ్మ కూడా ఎప్పుడూ అనలేదు. పైగా వాడు ఉయ్యాల మీద పుట్టినవాడిలా ఊగేవాడు. నాకు రంగూనంటే పట్టులుంగీ, తిరిగొచ్చాక కొట్టుకునే గొప్పలు. వాడికి రంగూనంటే వాళ్ళ నాయన. ఆయన మిల్లు పనికి పోయి నాలుగేళ్ళయింది, ఏడాదిగా ఉత్తరం లేదు. దొరగారు ప్రకటించిన మర్నాడే, ఎంపిక కాకముందే, వాడు కార్డు రాశాడు: "నాయనా, నేను వస్తాండాను, ఓడ కాడికి రా." దాని మీద ఇంగ్లీషులో చిరునామా రాసిపెట్టింది నేనే.

పరీక్షనాడు పొద్దున మా అమ్మ యర్రగొండపాలెం అవతలి నుంచి సద్ది తెచ్చింది. కొర్రన్నం, గోంగూర, గడ్డ పెరుగు, వేరుసెనగ ఉండలు. ఆమె అటు పోగానే మూటంతా తీసుకుపోయి గొంతోడి ముందు విప్పాను.

"ఖాళీ కడుపు మీద ఊగితే తిప్పుతాదిరా. నిండుగా తిను. ఎక్కినాక కళ్ళు మూసుకో, ఏం కాదు."

వాడు వేళ్ళు నాకుతూ, "నువ్వు నా తోడబుట్టినోడి లెక్కరా" అన్నాడు. నేను మంచినీళ్ళు కూడా తాగలేదు.

రెండో చరణం మధ్యలో, ఇరవయ్యో ఊపు దగ్గర గోంగూర తిరిగి వచ్చింది. కొంత దొరగారి తెల్లబూట్ల మీద, మిగతాది వార్డెను పలక మీద పడింది. వీడు ఎక్కితే ఓడే మునుగుతుందని వార్డెను పలక కడుక్కుంటూ తీర్పు చెప్పాడు. ఆ పూట నుంచి గొంతోడన్న పేరు పోయి వాంతులోడన్న పేరు నిలిచింది. నేను అరవై ఊపులూ ఊగి, రాజులాగా దిగాను.

కాకినాడ రేవులో, ఓడ ఇంకా కదలకముందే, నాకు మొదలైంది. రంగూను దాకా నేను చూసిన సముద్రమంతా ఒక బకెట్టులో ఉంది. తూలుకుంటూ దిగేసరికి ఒక బక్కమనిషి మా ముఖాలు ఒక్కొక్కటే వెతుకుతున్నాడు. "మార్కాపురం పిల్లోళ్ళేనా నాయనా? మావాడు యాడ?" మూడు వారాలుగా వచ్చిన ప్రతి ఓడకూ వస్తున్నాడట. ఉత్తరాలు రాసిపెట్టే మనిషి మిల్లు మానేసి పోయాడు, అందుకే ఏడాదిగా కబురు లేదు, అంతే. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

"మీవానికి ఒంట్లో బాగలేదు పెదనాయనా. తిన్నది కడుపులో నిలవడంల్యా."

(ఉయ్యాల ఎక్కిన ఆ ఒక్క పూట వరకూ అది అబద్ధం కాదు.) ఆయన అప్పటికప్పుడు వెళ్ళి మూట సర్దుకుని, అదే ఓడలో తిరుగు ప్రయాణం కట్టాడు. మార్కాపురం చేరేసరికి కొడుకు రెండో సంగటి ముద్ద మింగుతున్నాడట. ఆయన మళ్ళీ రంగూను పోలేదు, పలకల గనిలో పనికి కుదిరాడు. నేను దీన్ని కూడా వదలకుండా, తండ్రిని ఇంటికి చేర్చడానికి ప్రభువు నా నోటిని వాడుకున్నాడని నా సాక్ష్యంలో కలుపుకున్నాను.

గొంతోడు ఇప్పుడు గిద్దలూరులో కాపురం. పోస్టుమాను కూడా వాంతులోడి ఇల్లంటేనే చూపిస్తాడు. మొన్నటి సభలకు వారం ముందు పోయి అంతా చెప్పేశాను. వాడు అంతా విని ఒకటే అడిగాడు.

"ఆ సద్ది మీ అమ్మ చేసిందేనా?"

"అవునురా."

"గోంగూర బాగుండె" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "మా నాయన సచ్చిందాకా నాకు రెండో ముద్ద పెట్టనీకి భయపడె. దానికి మాత్రం నిన్ను ఇడిచేది లేదు. ఈ ఏడు సాక్ష్యం నేను చెప్తా. నువ్వు ముందు వరసలో కూచో."

కూచున్నాను. పందిరంతా నవ్వింది, పాస్టరుగారితో సహా. చివర వాడు ఆనాడు ఆగిపోయిన పాటను రెండో చరణం నుంచి అందుకున్నాడు. ఆ గొంతు ఇప్పటికీ స్టేషను దాకా పోతుంది. భోజనాల దగ్గర నా ఆకులో గోంగూర కుప్ప పోయించి పక్కన నిలబడ్డాడు. "నిండుగా తిను. బస్సు ఎక్కినాక కళ్ళు మూసుకో, ఏం కాదు."

అరవై ఊపులు ఊగిన మొనగాణ్ణి, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను. బస్సులో కంభం రాకముందే, కిటికీ పక్క కూచున్నాయన తన చోటు ఖాళీ చేసి నాకిచ్చాడు.