ఎడమ దిక్కు నల్లా

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన పెద్ద కాగితం కాసేపు వెచ్చగా ఉంటుంది. నిన్న మధ్యాహ్నం లావణ్య అనే అమ్మాయి గీసిన ఇంటి నక్షా నా బల్లమీదికి వచ్చింది. అందులో ఏముందో చూడకముందే దానిమీద అరచెయ్యి పరిచాను. ఆ వెచ్చదనం తగలగానే, ఎక్కడా లేని అమ్మోనియా వాసన ముక్కులోకి వచ్చింది. ఇప్పుడు అమ్మోనియా ప్రింట్లు ఎవరు వేస్తారు? ఆ వాసన నాది కాదు, ఖాదర్ సార్‌ది. అలా అరచెయ్యి పరచడమూ ఆయనదే.

తొంభైల నడుమ, నల్లగొండలోని ఒక శిక్షణ కేంద్రంలో మాకు కంప్యూటర్ మీద నక్షాలు గీయడం నేర్పిన మనిషి ఆయన. గోడలూ గదులూ ఇంజనీర్లు గీసుకుంటారు. మేము గీయాల్సింది ఆ గోడల్లో దాగే నీళ్ల పైపులు, మురుగు పైపులు, కరెంటు తీగలు. ఆరు కంప్యూటర్లు, పద్దెనిమిది మందిమి. నేను డిగ్రీ చేసి, రామన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఆయన మంచివాడని చెప్పడానికి ఇది రాయడం లేదని ముందే చెబుతున్నాను. ఆయన నాకు మేలు చేశారో అన్యాయం చేశారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఎవరితోనైనా వాదించి గెలవగలనని నాకు పేరుంది. ఈ ఒక్క విషయంలో నాతో నేనే వాదించుకుని రెండు వైపులా ఓడిపోతుంటాను.

పరీక్షరోజు ఆయన తెర వైపు చూసేవారు కాదు. "తెర మీద అందరు అందగాళ్లే. కాయితం మీదికి రాండ్రి, చూస్త" అనేవారు. మేము గీసినది ట్రేసింగ్ కాగితం మీదికి, దానినుంచి అమ్మోనియా ఆవిరితో తీసే ప్రింటు మీదికి వచ్చేది. ఆ ఆవిరికి కళ్లు మండేవి. వెచ్చటి ప్రింటును చేత్తో ఒకసారి నిమిరి, చుట్టచుట్టి, సైకిలు క్యారియర్‌కు కట్టుకుని, దగ్గర్లో కడుతున్న ఏదో ఒక ఇంటికి తీసుకుపోయేవారు. అక్కడ యాదయ్య అనే ప్లంబరు ఉండేవాడు. బడి మొహం చూడని మనిషి, కానీ నక్షాలోని గుర్తులన్నీ తెలుసు. సార్ ఆ ప్రింటు అతని చేతికిస్తారు. దాన్ని చూసి యాదయ్య ఉత్త గోడమీద సుద్దముక్కతో నీళ్ల నల్లా ఎక్కడ, పైపు ఎక్కడ అని గుర్తులు పెడతాడు. గీసినవాళ్లు పక్కనే నిలబడాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. అదీ పరీక్ష. మిగతావాళ్లకు గీయడం కష్టమయ్యేది, నాకు నోరు మూసుకోవడం.

"ఏమమ్మా సుజాతా, సుద్దముక్క నోట్లె పెట్టుకుంటవా, నన్ను పెట్టమంటవా?" అన్నారు సార్, నేను పెదవి కదిపానో లేదో.

నాకు వచ్చిన పని రెండు పోర్షన్ల ఇల్లు. ఒకటి ఇంటివాళ్లకు, ఒకటి కిరాయికి. ఎడమ పోర్షన్ మొత్తం గీసి, 'మిర్రర్' అనే ఆదేశం ఇస్తే, అద్దంలో బొమ్మలా కుడి పోర్షన్ దానంతటదే వచ్చేస్తుంది. గంట పని క్షణంలో అయిపోతుంది. అందరికన్నా ముందు నేను ముగించాను. గర్వపడ్డాను కూడా.

యాదయ్య ఎడమ పోర్షన్ గుర్తులన్నీ చకచకా పెట్టేశాడు. కుడి పోర్షన్ మరుగుదొడ్డిలోకి వెళ్లి ఆగిపోయాడు. కాగితం చూశాడు, గోడ చూశాడు. కూర్చునే బేసిన్ ఉండాల్సిన చోట గొంతుక్కూర్చుని, కుడిచెయ్యి చాచాడు. అక్కడేం లేదు. నల్లా ఎడమచేతి వైపు ఉంది.

"సారూ, కిరాయికొచ్చేటోళ్లకు చేతులు ఉల్టా ఉంటయా? చెంబు ఎడమచేత్తోని పట్టుకోవాలె, ఇగ కడుక్కునుడు..." అంటూ నా వైపు చూసి ఆగాడు. "ఆడపిల్ల ఉన్నది. మిగిలింది మీరే సమజ్ చేసుకోండ్రి."

నేను నిబంధన తప్పాను. "నేను చెయ్యలే సార్. మిర్రర్ కొడితే అదే అట్ల వచ్చింది!"

"మిర్రర్ కొట్టిందెవలు? యాదయ్యనా?"

అర్హత కాగితం మీద ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా రెండు గడులుండేవి. 'చేయగలరు', 'ఇంకా కాదు'. నా పేరుకు 'ఇంకా కాదు' పడింది. సరే, తప్పు నాదే అని ఊరుకునేదాన్నేమో. కానీ మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ సిబ్బందికి ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఒకాయన, ఆ నెలలోపు సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. మళ్లీ పరీక్ష ఆరు నెలల తర్వాతే. ఆపైన ఇంకొకటి చూశాను. మిర్యాలగూడ రైస్‌మిల్లువాళ్ల అబ్బాయి శ్రీధర్‌కు కూడా అదే ఇల్లు, అదే మిర్రర్, అదే ఎడమ నల్లా. యాదయ్య అక్కడా అదే మాట అన్నాడు. శ్రీధర్ పేరుకు మాత్రం 'చేయగలరు'.

తలుపు కూడా తట్టకుండా సార్ గదిలోకి వెళ్లాను.

"శ్రీధర్ నల్లా కుడిదిక్కున్నదా సార్?"

"లేదు. ఎడమదిక్కే."

"మరి?"

సార్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "వాడు ఈడికెల్లి వొయ్యి వాళ్ల నాయిన మిల్లుల కూసుంటడు. గోడకు తగిలిచ్చుకునేటందుకు వానికొక కాయితం గావాలె. నువ్వు గీస్తవు బిడ్డా. నువ్వు గీసిన ఇండ్లల్ల మనుషులుంటరు."

"అంటే పని చేసేటోళ్లకు ఫెయిలు, చెయ్యనోళ్లకు పాసా? ఇదేం ఇన్సాఫ్ సార్?"

"నువ్వనేది సహీ మాటనే."

"మరి మార్చుండ్రి."

"మార్చ."

అంతే. ఒప్పుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు బస్సులో నా పక్క కూర్చున్న ఆమెతో మాత్రం కిటికీ గురించి పోట్లాడాను. ఇంటికొచ్చాక నాయిన అడిగాడు, ఏం తప్పు చేశావని. ఏం చెప్పను? "నల్లా" అన్నాను. "నల్లా ఇప్పుటానికి గూడ సర్టిఫికెట్ గావాల్నా?" అన్నాడు నాయిన, నిజంగానే అయోమయపడి.

మేళ్లచెరువు ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఆ ఆరు నెలలు రోజుకో కారణం వెతికేదాన్ని. ఆడపిల్లనని చేశారా? నోరున్నదాన్నని చేశారా? మిల్లువాళ్లకు భయపడ్డారా? లేక నిజంగానే, నాలో తనకేదో కనిపించి, నాకొక కొలత, మిగతావాళ్లకొక కొలత పెట్టారా? చివరిది తలుచుకున్నప్పుడు గర్వం కలిగేది, గర్వం కలిగినందుకు వెంటనే ఒళ్లు మండేది. రెండోసారి పరీక్షలో యాదయ్య మరుగుదొడ్డిలో కూర్చుని, కుడిచెయ్యి చాచి, గోడమీద సుద్దతో చుక్క పెట్టాడు. "ఇగ ఎవలన్న కూసోవచ్చు" అన్నాడు. సార్ నవ్వలేదు. సంతకం పెట్టారు.

తర్వాత మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం దొరికింది. కొన్నేళ్లకు అక్కడి బస్టాండులో సార్ కనిపించారు. గడ్డం నెరిసింది, చేతిలో మందుల సంచీ. నన్ను గుర్తుపట్టారు, సంతోషపడ్డారు, చాయ్ తాగించారు. నేను ఆగలేకపోయాను. ఆ రోజు శ్రీధర్‌ను పాస్ చేసి నన్నెందుకు ఆపారు, నిజం చెప్పండి అన్నాను.

ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశారు. "నేనట్ల చేసిన్నా? యాది లేదు బిడ్డా." చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆఖర్కు పాసైనవు గద?"

"అయిన."

"మరింకేం ఫికర్?"

అచ్చంపేట బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయారు. నన్ను ఇన్నేళ్లు నమిలిన విషయం ఆయనకు గుర్తే లేదు. ఆయన్ని చూడడం అదే ఆఖరుసారి. చనిపోయారని తెలిసినప్పుడు నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇక అడగడానికి మనిషి లేడు.

ఆయన నుంచి నాకు మిగిలింది ఏమిటంటే ఒక అలవాటు. ఏ నక్షా చూసినా కళ్లు మూసుకుని దాని లోపలికి వెళ్తాను. ప్రతి గదిలో కూర్చుంటాను, లేస్తాను, చెయ్యి చాస్తాను. నల్లగొండకు తిరిగొచ్చాను, అదే శిక్షణ కేంద్రంలో ఇప్పుడు పరీక్ష పెట్టేది నేనే. కళ్లు మూసుకుని గాల్లోకి చెయ్యి చాచే మేడాన్ని చూసి పిల్లలు వెనక నవ్వుకుంటారని తెలుసు.

నిన్న లావణ్య నక్షాలో అలాగే కూర్చుని చెయ్యి చాచాను. నల్లా లేదు. ఎడమ దిక్కున ఉంది. చక్కటి గీత, శుభ్రమైన కొలతలు, ఈ జట్టులో అందరికన్నా బాగా గీసే పిల్ల. 'ఇంకా కాదు' గడిలో టిక్కు పెట్టాను. లావణ్య చూసింది. చూసి, బల్లమీద ఆరబెట్టినట్టు పడున్న ఇంకో కాగితం మీద వేలు పెట్టింది.

"మేడం, ప్రవీణ్‌ది గూడ ఎడమదిక్కే ఉన్నది గద. ఆనిది ఎట్ల పాసైంది?"

నిజమే. అంతకు గంట ముందు ప్రవీణ్ కాగితం మీద 'చేయగలరు' గడిలో టిక్కు పెట్టింది నేనే. నల్లా చూశాను కూడా. తనకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెల వెళ్లిపోతానని వాడు చెప్పి ఉన్నాడు. పోయేవాడే కదా అనుకున్నాను. అనుకున్నట్టు కూడా నాకు తెలియలేదు.

నాకు యాది లేదు అనేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. బస్టాండులో సార్ నా ముఖంలోకి అంతసేపు ఎందుకు చూశారో, ఆయన నిజంగానే మరచిపోయారో లేదో, ఇప్పుడు ఇంకా తెలియకుండా పోయింది.

ప్రవీణ్ టిక్కును అడ్డంగా గీసి కొట్టేశాను. లావణ్యది కూడా. రెండు నక్షాలూ చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, పక్కవీధిలో కడుతున్న ఇంటికి ఇద్దరినీ రమ్మన్నాను. "ఆడ ప్లంబర్ ఏం జేసినా, ఏమన్నా, మీరు నోరు తెరవొద్దు" అన్నాను.

గేటు దాటకముందే లావణ్య వాదన మొదలుపెట్టింది.