ఉమ్మడి అధ్యయనం, ఒక టిష్యూ ప్యాకెట్

మన దేశానికీ సింగపూర్‌కీ మధ్య వర్తకం, పెట్టుబడుల మీద ఉమ్మడి అధ్యయనం చేయాలంటే ముందు ప్రణాళిక వేయాలి. ప్రణాళికకి సమావేశం కావాలి, సమావేశానికి సింగపూర్ కావాలి. అలా మా డైరెక్టర్ గారూ, ఆయన ఫైళ్లు మోయడానికి నేనూ హైదరాబాద్‌లో విమానం ఎక్కాం. ఆ ఫైళ్లలో ఒకటి నాది. మన మిరపకాయలు, పచ్చళ్లు అక్కడికి పంపే చిన్న వ్యాపారుల మీద ఒక అధ్యాయం ఉండాలని ఎప్పటినుంచో పోరుతున్నాను. ఈసారి చేరకపోతే ఇక చేరదు.

ఉదయం దిగి, రైళ్లు మారి టోవా పాయో అనే పేటకి చేరాం. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, టికెట్ కొనక్కర్లేదు. హోటల్లో సామాను పడేసి, సమావేశం రెండింటికి కదా అని అది జరిగే భవనం పక్కనే, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళ్లాం. జనం కిటకిటలాడుతున్నారు. ఒక్క బల్ల ఖాళీగా ఉంది, దాని మీద టిష్యూ ప్యాకెట్. డైరెక్టర్ గారు కూర్చుని, ప్యాకెట్ చించి, చెమట తుడుచుకున్నారు.

"ఎంత మర్యాదస్తులో చూడమ్మా, టిష్యూలు కూడా పెట్టారు" అన్నారు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే అది ఖాళీ కాదు. ఎవరో చోప్ చేశారని, అంటే చోటు పట్టుకుని తిండి తెచ్చుకోవడానికి వెళ్లారని. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే.

కాసేపటికి నూడుల్స్ పళ్లెంతో ఒక నడివయసు ఆవిడ వచ్చి, చిరిగిన ప్యాకెట్‌ని చూశారు. "ఇట్స్ ఓకే అంకుల్, షేర్ లా" అని అక్కడి యాసలో అంటూ ఎదురుగా కూర్చున్నారు.

ఆవిడకి తెలుగు రాదన్న ధీమాతో డైరెక్టర్ గారు గొంతు కూడా తగ్గించలేదు. "నీ చిన్న వ్యాపారుల చాప్టర్ బేరానికి పనికొస్తుందమ్మా. అది వదులుకుంటున్నాం అని బాధపడుతూ చెబుతాం. బదులుగా టైటిల్లో మన దేశం పేరు ముందు పెట్టమంటాం."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం తలెత్తకుండా తింటూనే ఉన్నారు.

రెండింటికి సమావేశ గదిలోకి వెళ్తే, అవతలి పక్షానికి పెద్దగా కూర్చున్నది ఆవిడే. ఈమెయిళ్లన్నీ ఆఫీసు పేరుతోనే వచ్చేవి కాబట్టి మాకు తెలియలేదు. డైరెక్టర్ గారు టిష్యూల గురించి సారీ చెప్పారు. అంతకు మించి చెప్పాల్సిందేదీ ఆయనకు తోచలేదు.

ఎవరి పేరు ముందు అన్నదాని మీదే మధ్యాహ్నమంతా గడిచింది. చివరికి ఆయన బరువుగా నిట్టూర్చి, మా అధ్యాయం వదులుకుంటామన్నారు.

"అక్కర్లేదు" అన్నారు ఆవిడ ఇంగ్లిష్‌లో, తాపీగా. "మీ పేరే ముందు పెట్టుకోండి. ఆ అధ్యాయం మాత్రం ఉండాలి. లేకపోతే మేం సంతకం చేయం."

వదులుకుంటానన్నదాన్ని ఆయన ఉంచుకోక తప్పలేదు.

బయటికొస్తుంటే లిఫ్ట్ దగ్గర ఆవిడ నన్ను పక్కకి పిలిచారు. "మేము మలేషియా తెలుగోళ్లమమ్మా. మా నాయన జోహోర్‌లో చిన్న కొట్టు పెట్టినాడు, మీ దిక్కు మిరపకాయలే అమ్మినాడు. ఆ చాప్టర్ బాగా రాయి" అని నా చేతిలో కొత్త టిష్యూ ప్యాకెట్ పెట్టారు. "రాసేదాకా దాని మీద ఇది పెట్టుకో."

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తిరుగు విమానంలో లెక్క చూసుకుంటే, సింగపూర్‌లో నేను చూసింది ఒక తిండి బల్ల, ఒక గది, ఒక లిఫ్టు. డైరెక్టర్ గారు మాత్రం మంచి హుషారుగా ఉన్నారు. "చూశావా, మన పేరే ముందు. బేరమంటే అదీ" అంటూ చెయ్యి ఊపి కాఫీ ఒలకబోసుకున్నారు. నా ఒళ్లో ఫైలు మీదున్న ప్యాకెట్‌కేసి చెయ్యి చాచారు.

"అది చోప్ చేసిన చోటండీ" అని ఫైలు ఇవతలికి జరుపుకుని, ఎయిర్ హోస్టెస్‌ని పిలిచే బటన్ నొక్కాను.