పీపా చెక్కల కన్ను

వెర్లిన్ స్టాగ్స్‌డిల్ ముప్పై ఎనిమిదేళ్లు పీపా చెక్కల మిల్లుకి ఓక్ చెట్లు కొట్టాడు. నిట్టనిలువుగా, కొమ్మ మచ్చ లేని మాను కనిపిస్తే చాలు, ఆగి చేత్తో నిమిరేవాడు. మా మిసోరీ కొండల్లో విస్కీ పీపాలకు పనికొచ్చిందే ఆయన లెక్కలో చెట్టు, తక్కినదంతా పొయ్యిలోకి. ఆయన పక్క పొలం నాదే కాబట్టి ఈ పాఠం నాకు కంఠతా వచ్చు.

ఆ ఇంట్లో వేట మాత్రం భార్య ఓర్లీన్‌ది. నవంబరులో వేట మొదలయ్యే శనివారం ఆమె తెల్లారకముందే కొండెక్కేది, పదింటిలోపు జింకని కొట్టేది. మోసుకురావడం వెర్లిన్ పని. తర్వాత ఆమె ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"నేను జింక దగ్గరికి పోలేను. ఇక అదే నా దగ్గరికి రావాలి," అంది.

ఆమె వరండాకి ఎదురుగా, గడ్డి చేను చివర, రెండు ఓక్ చెట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉండేవి. ఒకటి నిలువుది. రెండోది వంకరది, కొమ్మలన్నీ పక్కలకి పరుచుకున్నది. చుట్టూ ఉన్నవి తీసేసి ఎండ తగలనిచ్చి ఎరువేస్తే ఓక్ బాగా కాస్తుందనీ, కాయలు రాలితే జింకలు వాటంతటవే వస్తాయనీ అడవి ఆఫీసరెవరో వెర్లిన్‌కి చెప్పాడు. సలహా మంచిదే. ఫిబ్రవరిలో ఓర్లీన్ వారం రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆమె వచ్చేలోపు పని అయిపోవాలని వెర్లిన్ రంపం మిషను పట్టుకెళ్లి వంకరదాన్ని పడగొట్టాడు.

ఆమె ఇంటికొచ్చి వరండా కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, ఆ వంకర చెట్టేదీ?"

"తీసేశా. నీ కోసమే. నిలువుదానికి ఎండ తగలొద్దూ?"

"జింకలు దేని కింద మేసేవో ఎప్పుడైనా చూశావా?"

"అది ఉత్త వంకరది. పీపాకి ఒక్క చెక్క రాదు దాంట్లో."

"పీపాలు మేసే జింకని నేనింతవరకు చూళ్లేదు."

గుంపులో పెరిగి నిలువుగా సాగిన చెట్టుకి తల పిడికెడే ఉంటుంది. కాయలు కాసేది పరుచుకున్న తలే. ఇది ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు, చెట్టంటే చెక్క తప్ప ఇంకేమీ కనబడని మనిషికి తప్ప. నాకు ఒళ్లు మండింది గానీ ఎరువు బస్తాలు నేనే దింపిపెట్టాను. రెండు వసంతాలు ఆయన నిలువు చెట్టు చుట్టూ గునపంతో బొక్కలు పొడిచి ఎరువేశాడు. మొదటి నవంబరులో ఓర్లీన్ వేటగాళ్ల నారింజ రంగు కోటు తొడుక్కుని, ఒళ్లో తుపాకీతో మూడు రోజులు కూర్చుంది. ఒక్క జింకా రాలేదు. ఆ చలికాలమంతా ఇంట్లో కొట్లో కొన్న మాంసమే వండారు, వెర్లిన్ తల వంచుకుని తిన్నాడు.

రెండో ఏడు డాక్టరు, చలిలో కూర్చోవడం ఇదే ఆఖరు అన్నాడు. ఆమె రెండు బొంతలు కప్పుకుని కూర్చుంది. జింక పడితే ఈడ్చుకురావడానికి నన్ను పిలిచారు. ఎనిమిదింటికి ఆ చెట్టు దగ్గరికి ఒక ఆడజింక వచ్చింది. ఒక్కటే గుండు.

"చూశావా, నా ఎరువు!" అన్నాడు వెర్లిన్.

"పొట్ట కోసి చూడు ముందు," అంది ఓర్లీన్.

ఇక్కడ జింకని శుభ్రం చేసేటప్పుడు అది ఏం మేసిందో పొట్ట విప్పి చూస్తాం. మేమిద్దరం చేను దాటి వెళ్లాక, జింక పడ్డ చోటే వెర్లిన్ మోకాళ్ల మీద కూర్చుని విప్పాడు. ఓక్ కాయ ముక్క ఒక్కటీ లేదు. అంతా లేత కొమ్మల చివర్లు, నలిగిన ఓక్ ఆకులు. నాలుగడుగుల అవతల వంకర చెట్టు మొద్దు నుంచి నడుమెత్తు చిగుళ్లు లేచి ఉన్నాయి. ప్రతి చివరా కొరికేసి ఉంది.

ఆయన కత్తి గడ్డికి తుడిచి, ఒక చిగురు చివర వేలితో తడిమాడు.

"ఇన్నేళ్లూ మొదళ్లే చూశానబ్బాయ్," అన్నాడు. "తలెత్తి చూడలేదు."

నేను వరండాకి వెళ్లి చెప్పాను. ఓర్లీన్ ఎగతాళి చేస్తుందనుకున్నాను, చేయలేదు. ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"మిగిలిన బస్తా ఆ మొద్దుకి వెయ్యమను. అది కాపుకొచ్చేదాకా నేనుండను. అయినా వెయ్యమను."

నేను వెర్లిన్ దగ్గరికి వెళ్లి, బస్తా మొద్దుకి వెయ్యమందని మాత్రం చెప్పాను.