బావాబావమరుదులకి నేనిచ్చిన టీ పార్టీ

పెట్టిన వ్యాపారాన్ని ఏడాదికో రెండేళ్లకో ముంచుకున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. నేను ఒక్క సాయంత్రంలో, సమోసాలు పెట్టి మరీ ముంచుకున్నాను.

అరవైల నాటి మాట. మా నాన్న ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. నేను బీకాం పాసై, నన్ను చూసి మెయిలు బండి కూడా ఆగాలన్నంత గీరతో తిరుగుతున్నాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో సింహాచలం గారని పెద్దాయన, బజారు దుకాణాలకి లెక్కలు రాసేవారు. చూపు మందగించి, ఆ దుకాణాల లెక్కలన్నీ నాకప్పగిస్తానన్నారు. ఒక్కో షావుకారు సంగతీ చెబుతాను, కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. డిగ్రీ ఉన్నవాడికి ఇంకొకరు చెప్పాలా?

ఆయన గుమ్మందాకా వచ్చి, "బాబూ, అప్పలరాజు కాడికి పొద్దున ఎల్లు. సత్యం కాడికి సందేళ ఎల్లు. అటూ ఇటూ సెయ్యకు" అన్నారు.

ముసలి చాదస్తం అనుకున్నాను. ఇద్దరివీ ఎదురెదురు బట్టల కొట్లే. రెండుసార్లు సైకిలు తొక్కడం దేనికి? అంతటితో ఆగితే నేనెందుకవుతాను! షావుకార్లందరికీ కొత్త పద్ధతులు బోధిద్దామని మా క్వార్టరు వరండాలో టీ పార్టీ పెట్టినాను.

అప్పలరాజు ముందొచ్చినాడు. తర్వాతొచ్చిన సత్యం ఆయన్ని చూసి మెట్టు మీదే నిలబడిపోయినాడు. మొహమాటం కాబోలనుకుని, చెయ్యి పట్టుకు తీసుకెళ్లి ఆయన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టినాను. ఇద్దరూ తలొంచుకుని టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. నా ఉపన్యాసం మీద ఎంత శ్రద్ధో అని పొంగిపోయినాను.

"ఇన్నాళ్లూ మీ ఇద్దరి లెక్కలూ ఒకే మనిషి రాసినారు. ఇకమీదా అంతే" అన్నాను గర్వంగా.

మందుల షాపు బెంగాలీ దాదా కొరకబోయిన సమోసా కింద పెట్టేసినాడు.

సంగతేమిటంటే, సత్యం అక్క మొగుడే అప్పలరాజు. ఉమ్మడి కొట్టు విడిపోయిన నాటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. సింహాచలం గారు తన ఒక్కడి మనిషేనని, అవతలివాడి లెక్కలు ముట్టరని ఎవరికి వారే అనుకుంటున్నారు. ఆయన పాపం పొద్దునొకరింటికి, సాయంత్రం ఒకరింటికి దొంగలా సందుల్లోంచి వెళ్లొచ్చేవారు.

సత్యం ఏళ్ల తర్వాత బావతో నోరు తెరిచినాడు.

"బావా, నీ లాభం నష్టం ఈ గుంటడికి తెల్సేటి?"

"నీయీ తెల్సంట కదరా" అన్నాడు అప్పలరాజు. "రేపు ఊరందరికీ ఇలాగే టీ పోసి సెప్పేత్తాడు. లెగు, పోదాం."

ఇద్దరూ ఒకే రిక్షా ఎక్కినారు. మిగతావాళ్లు వాళ్ల వెనకే జారుకున్నారు. దాదా ఆఖర్న లేచి, మిగిలిన సమోసాలు పొట్లం కట్టించుకుని మరీ వెళ్లినాడు.

మర్నాడు ఏడుపుమొహంతో సింహాచలం గారింటికి వెళితే, ఆయన దళసరి కళ్లజోడు పెట్టుకుని మళ్లీ లెక్కలు రాస్తున్నారు. బావాబావమరుదులు కలిసొచ్చి, కొట్లు రెండూ కలిపేస్తున్నామనీ, మీరే రాయాలనీ బతిమాలినారట.

"ఆళ్లని కలపాలని నాను సాలా ఏళ్లు తిరిగినాను. నువ్వు ఒక్క పూటలో కలిపీసినావు" అన్నారాయన తలెత్తకుండానే. "లెక్కలు నాకొదిలీ బాబూ. నువ్వు పెళ్లిళ్లు కుదిర్సే పని సూసుకో."

ఇకమీదట ఏ ఇద్దరు షావుకార్లకీ ఒకే కెటిల్లోంచి టీ పొయ్యనని ఆ గుమ్మంలోనే ప్రమాణం చేసినాను. దాన్ని నిలబెట్టుకోవడం ఏమంత కష్టం కాలేదు. ఆ తర్వాత ఒక్క షావుకారైనా నా గడప తొక్కితే కదా!