ఇడువు బిడ్డా, ఇడువు

జర దగ్గరికి జరిగి కూర్చోండి, గొంతు ఇప్పుడు దూరం పోవడం లేదు. ఒకప్పుడు ఇదే గొంతుతో చేను ఈ చివర నుంచి ఆ చివరి దాకా పిట్టలను లేపేదాన్ని.

మా ఊరు నకిరేకల్‌కు నాలుగు కోసుల దూరం. అప్పటికి బోరింగులు రాలేదు, అందరం దిగుడుబావి నీళ్లే తాగేవాళ్లం. ఆ నీళ్లతో నారికురుపు వచ్చేది. జొన్న కంకులు పాలుపోసుకునే వేళకు మా బాపు మడమలో నారి లేచింది. తెల్లటి దారంలాంటి పురుగు అది. తెగితే కాలంతా వాస్తుంది కనుక పుల్లకు చుట్టి రోజుకు ఇంత చొప్పున లాగాలి. బాపు మంచాన పడ్డాడు. అమ్మ కూలికి పోయేది. చేను కాపలా నాకూ, కళ్లకు పొర కమ్మిన మా అవ్వకూ పడింది. ఆ జొన్నలే మాకు ఏడాది తిండి.

మంచె మీద బాపు వడిసెల ఉండేది. రెండు తాళ్లు, నడుమ అరచేతి వెడల్పు అల్లిక. అందులో రాయి పెట్టి, ఒక తాడు కొస వేలికి తగిలించి, రెండోది బొటనవేలితో నొక్కిపట్టి, చెయ్యి కిందుగా గుండ్రంగా తిప్పి రెండో కొస వదలాలి. బాపు విసిరితే రాయి కంకుల మీదుగా జుయ్యిమని పోయేది. నేను విసిరితే కాళ్ల దగ్గర పడేది, లేదంటే నెత్తి మీదుగా వెనక్కి పోయేది.

మూడోనాడు అట్లాగే వెనక్కి పోయింది. వెనక గట్టు మీద తాటిచెట్టు. ఠప్పుమని పైన కట్టిన కల్లు లొట్టి పగిలింది. చెట్టు మొదట్లో, ఎక్కడానికి నడుముకు మోకు సర్దుకుంటున్న, కల్లు గీసే గౌండ్ల మామ నెత్తిన కల్లంతా పడింది.

"పిట్టలు అటుంటే రాయి ఇటెందుకొచ్చింది కోడలా? నన్ను కొట్టుమన్నడా మీ బాపు?"

నాకు ఏడుపొచ్చింది. అవ్వ అడ్డం పడింది. "చిన్నపిల్ల అల్లుడా, చెయ్యి జారింది."

"జర అయితే నా పానమే జారేదత్తా! చెయ్యి కుదిరేదాంక నేను చెట్టు మీదున్నప్పుడు వడిసెల ముట్టనియ్యకు. నేను చెట్టెక్కకుంటే నా పిల్లలేం తినాలె?"

న్యాయమే. కానీ మామ చెట్టెక్కేది పొద్దున, సాయంత్రం. చిలకలు వాలేదీ అప్పుడే. ఆ రెండు పూటలా డబ్బా కొట్టి అరవడమే నా పని. చిలకలు ఈ సాలులో లేచి ఆ సాలులో వాలేవి. నాలుగు రోజుల్లో గట్టు పక్క సాళ్లు బోడిగా తేలాయి.

మధ్యాహ్నాలు నేర్చుకున్నాను. పగిలిన లొట్టి మెడను తుమ్మకొమ్మకు వేలాడదీశాం. రాళ్లు మాని మట్టి ఉండలు చేశాం. అవ్వ కింద కూర్చుని తాడు చప్పుడు వినేది. చప్పుడు సన్నబడగానే "ఇడువు!" అనేది. నేను వదిలేదాన్ని. ఉండ వెనక్కే పోయేది. భుజం వాచింది, వేలు ఒరుసుకుపోయింది.

ఒకరోజు అవ్వ నవ్వింది. "నా మాట ఇన్నంక ఇడుస్తున్నవే పిచ్చిదానా! ఒక్క రోట్లె ఇద్దరం దంచేటప్పుడు, నీ పోటు ఎయ్యమని నేను చెప్తనా? తాడు సప్పుడు నువ్వే ఇను. నాతోని కలిసి నువ్వు గూడ అను."

ఇద్దరం కలిసి అన్నాం. "ఇడువు!" ఉండ లొట్టి మెడ పక్కనుంచి పోయింది. మరునాడు తగిలింది. ఆ తరువాత పదిసార్లు విసిరితే ఎనిమిదిసార్లు తగిలేది. అయినా మామ చెట్టు మీద ఉంటే చెయ్యి లేచేది కాదు.

ఒక సాయంత్రం చిలకల గుంపు సరిగ్గా తాటిచెట్టు కిందనే వాలింది. డబ్బా కొట్టినా లేవలేదు. పైనుంచి మామ కేకేశాడు.

"ఏం జూస్తున్నవ్ కోడలా? చేను ఊడ్చుకపోతున్నయి!"

"నువ్వున్నవ్ గద మామా!"

"నేను మట్టల సాటుకు పోత. ఎయ్యి!"

వడిసెల తీశాను. "అవ్వా, నువ్వను" అన్నాను.

"నేనెందుకే, నీ నోట్లె లేదా?"

తిప్పాను. చప్పుడు సన్నబడింది. ఇడువు, అని నాలో నేను అనుకున్నాను. ఉండ కంకుల మీదుగా తిన్నగా పోయి గుంపు నడుమ పగిలింది. పచ్చని బట్ట దులిపినట్టు చిలకలన్నీ ఒక్కసారి లేచి గుట్ట అవతలికి పోయాయి.

చెట్టు మీద చప్పుడు లేదు.

"మామా?"

మట్టల్లోంచి నవ్వు వినిపించింది. "ఉన్న, ఉన్న! తలకాయ జాగల్నే ఉన్నది కోడలా!"

మంచె మీద కూలబడి ఏడ్చాను. నవ్వుతూనే ఏడ్చాను. కింద అవ్వ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి మామ ఏ పూట ఎక్కినా నా చెయ్యి ఆగలేదు. కంకులు గట్టిపడే నాటికి నారి మొత్తం పుల్లకు చుట్టుకుని బయటపడింది, బాపు కర్ర పట్టుకుని చేనుకొచ్చాడు. గట్టు పక్క సాళ్లు పోయినా, మిగిలిన జొన్నలు మళ్లీ కోతల దాకా సరిపోయాయి.

మీ చేలో వాలిన పిట్ట గింజ ముట్టకముందే లేచిపోవాలి. మీ ఇంట్లో పొద్దున బయటికి పోయిన ప్రతి తలకాయా సాయంత్రానికి జాగాలోనే ఉండి ఇల్లు చేరాలి. మీ కుండలో జొన్న గట్క ఎన్నడూ తరగకూడదు, బిడ్డా.