రంగు విరిచిన నీళ్లు

ఆ ఉదయం నూతి దగ్గర ఉన్నవాళ్లు: అద్దకం షెడ్డు యజమాని, పంచాయతీ మెంబరు, సత్యవతి గారు, నేను. ఉన్నవి: చేద, స్టీలు గ్లాసు, తెల్లవారకముందే నేను నూతిలో కలిపిన బ్లీచింగు పౌడరు. ఆ చివరిది యజమానికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఏళ్లుగా మోస్తున్నాను. మీకే చెబుతున్నాను.

తొంభైల చివర్లో, కెమిస్ట్రీ చదివి అమలాపురం దగ్గర ఆ షెడ్డులో చేరాను. నూలుకు రంగులద్దిన నీళ్లు షెడ్డు గుంటలోంచి భూమిలోకి ఇంకి, పక్కింటి సత్యవతి గారి నుయ్యి ఎర్రబడింది. ఎమ్మార్వో దగ్గరికి వెళతానన్నారావిడ.

దారులు లేకపోలేదు. పటిక, సున్నం వేస్తే కొంత రంగు అడుగుకు దిగుతుంది. మిగతాది కొబ్బరి చిప్పల బొగ్గు పీల్చుకుంటుంది. కానీ బొగ్గు మార్చాలి, మడ్డి తీయాలి, గుంటకు సిమెంటు చేయించాలి. బ్లీచింగుకు ఇవేవీ అక్కర్లేదు. రంగు విరిగిపోతుంది. విరిగిన ముక్కలు నీళ్లలోనే ఉంటాయి, కొన్ని రంగుకన్నా చెడ్డవి. ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

చేద పైకొచ్చింది. నీళ్లు తేటగా ఉన్నాయి.

"వాసనొస్తోందండీ," అన్నారు సత్యవతి గారు.

"నిన్న రంగన్నారు, ఇవాళ వాసనంటున్నారు. రేపు రుచి బాలేదంటారేమో పిన్నిగారూ," అన్నాడు యజమాని. మెంబరు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆవిడ నావైపు తిరిగారు. "చదువుకున్నోరు, మీరు చెప్పండి బాబూ. పిల్లలకి పట్టొచ్చాండీ?"

"ఆయ్," అన్నాను.

మా వైపు ఆ మాటకు అవుననీ అర్థమే, వింటున్నాననీ అర్థమే. విన్నానని మాత్రమే అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమా? మరి ఆవిడ గ్లాసు ముంచుకుని తాగుతుంటే చూస్తూ ఎందుకు నిలబడ్డాను? నన్ను నమ్మడం బాగుంది. నలుగురిలో తలదించుకుని, ఊరికే మిమ్మల్ని ఆడిపోసుకున్నానని ఆవిడ అనడం ఇంకా బాగుంది.

ఫిర్యాదు ఆగింది. నెలనెలా బ్లీచింగు పోశాను. పంచాయతీ మందనుకుని ఆవిడ మజ్జిగ ఇవ్వబోయేవారు. కడుపు బాలేదనేవాణ్ణి.

కొన్నేళ్లకు ఆవిడ మూత్రంలో రక్తం పడి, మంచం పట్టి చనిపోయారు. నీళ్లవల్లేనని రుజువు లేదు. రుజువు దొరక్కూడదనే నేను పరీక్ష చేయించలేదు.

ఆ ఉద్యోగం మానేశాను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది. ఆ ఇంట్లో ఆవిడ కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్లకింకా చెప్పలేదు.

ఆ నీళ్లు ఇప్పటికీ తాగుతున్నవాళ్లు నలుగురు.