నాలుగు విస్తరాకులు

మూడేళ్ల కిందటి మాట. అప్పుడు మద్రాసు పెరంబూరులో ఉండేవాళ్లం. మతిమరుపు మొదలైన మా నాయనకు కడుపునొప్పి వస్తే, కాంపౌండరు మోతాదు తెలిసేలా కాగితం గుర్తులంటించి ఇచ్చిన సీసా మందు పట్టాం. మూడోనాడు ఆయన అన్నం ముట్టలేదు.

"నలుగురు పిల్లోళ్లు ఆకలిగా చూస్తా ఉండారు. ముందు వాళ్లకు పెట్టరా."

గదంతా కలయజూశాను. "ఈడ ఎవురూ లేరు నాయనా!"

"నీ నోట నిజం ఎప్పుడొచ్చిందిరా, కోతలరాయుడా?"

రెండు రోజులు పస్తున్నాడు. చివరికి ఖాళీ నేల మీద నాలుగు ఆకులు పరిచి వడ్డించాను. అప్పుడు తిన్నాడు.

లేని పిల్లలు కనబడడం ఆ సీసా మందు చేసిన పనేనని డాక్టరు దాన్ని మాన్పించాక పిల్లలు మాయమయ్యారు.

"యాడికి పోయినార్రా?"

"కడుపు నిండి ఇళ్లకు పోయినారు నాయనా."

తృప్తిగా తలూపాడు. బతుకంతటిలో ఆయన నమ్మిన నా మాట అదొక్కటే. అదీ అబద్ధమే. నా కోతలన్నీ ఒకెత్తు, ఆ నాలుగాకుల సంగతి మాత్రం నమ్మండి.